తుపాకికి వీణ మైనం

మహర్నవమి నాడు పొద్దున్నే గణపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కమ్మరి జోగయ్య దగ్గరకు వెళ్ళడం, తుపాకి గొట్టానికి వెనక గురి బిగించుకోవడం, ఎండ ఎక్కేలోగా ఇంటికొచ్చి చద్దన్నం తినడం. ఆ రోజు వీటిలో అనుకున్నట్టు జరిగింది జోగయ్య దగ్గరకు వెళ్ళడం ఒక్కటే.

ఆ తుపాకి వాళ్ళ నాన్న నాటిది. మూతిలోంచి మందూ గుండూ పోసి, కడ్డీతో దట్టించి పేల్చే రకం. కొండ వారనున్న పెండలం తోటను అడవిపందులు తవ్వేస్తున్నాయని సర్కారు ఇచ్చిన లైసెన్సు మీద ఉంది. కానీ వాళ్ళ ఊరు తోటవలసలో దానికి పందులను మించిన పని ఒకటి ఉంది. ఏటా విజయదశమి నాడు జమ్మిచెట్టు దగ్గర అసిరితల్లి ఎదుట దానికి పూజ చేసి, వెదురు గడకు వేలాడదీసిన బూడిదగుమ్మడికాయను దానితోనే కొట్టాలి. కాయ పగిలితే ఏడాదంతా ఊరు చల్లగా ఉంటుందని నమ్మకం. నాన్న చేతిలో కాయ పగలని ఏడు లేదు. కొడుకు చేతిలో కిందటేడు తప్పింది. గుమ్మడికాయ ఊగుతూ అలాగే ఉంది, అవతల తాటిచెట్టు మీది కల్లుకుండ పగిలింది.

అప్పటినుంచీ ఊళ్ళో ఏం జరిగినా గణపతిరావు ఖాతాలోనే పడుతోంది. వాన ముఖం చాటేసినా, గేదె పాలు ఎగ్గొట్టినా, ఎవరో ముసలమ్మ అరుగు మీంచి జారిపడినా, "కాయ తప్పిన ఏడు మరి!" అనేవారు. వరసగా రెండేళ్ళు తప్పితే ఆ గౌరవం ఊళ్ళో తర్వాతి పెద్దింటికి పోతుంది. ఆ ఇల్లు జగన్నాధానిది. అతను గణపతిరావు భార్య తవిటమ్మకు స్వయానా అన్న. కూతురు లక్ష్మణమ్మను అతని కొడుక్కే ఇవ్వాలన్నది పుట్టిననాటి మాట. అంత దగ్గరివాడు గనకనే అతని ఆత్రం కూడా దగ్గరగా కనబడుతోంది. కాయ కొట్టే రోజుకని అప్పుడే ఖాకీ కోటు కుట్టించుకున్నాడు.

గణపతిరావుకు నిద్ర పట్టడం మానేసింది. నాన్న పేరు తన చేతిలో పోతుందేమోనని ఒకటే బెంగ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి తప్పంతా తుపాకిదేనని తేల్చుకున్నాడు. గొట్టం కొసన బియ్యపుగింజంత గుబ్బ తప్ప దానికి వేరే గురి లేదు. వెనకవైపు, కంటికి దగ్గరగా, నడుమ గంటు పెట్టిన చిన్న బిళ్ళ ఉంటే, ఆ గంటులోంచి గుబ్బను చూసి కొట్టొచ్చునని సంతలో ఎవరో చెప్పారు. అయితే అడగకుండా తుపాకిలో మార్పు చేస్తే లైసెన్సు పోతుంది. పైగా కొండల వైపు గొడవలు మొదలైన రోజులు, పోలీసులు ఊరూరా తుపాకులు తిప్పితిప్పి చూస్తున్నారు. ఊళ్ళోవాళ్ళ కంట పడితే అది ఇంకో తంటా. "నాన్న ఉత్తి కంటితో కొట్టేవాడు, కొడుక్కి తుపాకికి కూడా కళ్ళజోడు కావాలి" అంటారు. అందుకని ఆ బిళ్ళ కావాలన్నప్పుడు అంటుకోవాలి, వద్దన్నప్పుడు ఊడి రావాలి.

జోగయ్య ఇత్తడి బిళ్ళ తయారుచేసి ఉంచాడు. బిగించమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"బిళ్ళ సేసీసినాను బావూ. బిగించాలంటే సుత్తుండాల, ఆకురాయుండాల. అయ్యన్నీ పూజకెక్కీసినాయి. సూడండి!"

గణపతిరావు చూశాడు. సుత్తి, పట్టకారు, దాగలి ఒళ్ళంతా పసుపు పూసుకుని, బొట్లు పెట్టుకుని, పేరంటాళ్ళలా పీట మీద కూర్చుని ఉన్నాయి.

"ఒక్క దెబ్బేరా! ఎవులు సూస్తారు?"

"ఒక్క దెబ్బయినా దెబ్బే గదా బావూ. ఇయాల ఇనుము ముట్టుకుంటే ఏడాదల్లా నా సేతులు పన్జెయ్యవు." జోగయ్య కాస్త ఆలోచించి గొంతు తగ్గించాడు. "బేగి బొబ్బిలెల్లండి. ఈణలు సేసీవోళ్ళు మెట్లు మైనంతోటి అంటిస్తారు. కావాలంటే అంటుకుంటాది, ఒద్దంటే ఊడతాది. సుత్తితోటి పన్నేదు."

ఇది గణపతిరావుకు దేవుడు పలికినట్టే వినిపించింది. బిళ్ళ జేబులో వేసుకుని ఇంటికొచ్చి, తవిటమ్మ పెరట్లో ఉన్నప్పుడు తుపాకి కర్రలోంచి గొట్టం ఊడదీసి, తుంగచాపలో చుట్టి, చద్దన్నం మాట మరచిపోయి బస్సెక్కాడు.

తర్వాతి ఊళ్ళో బస్సు ఆగింది. పక్క సీట్లో వచ్చి కూర్చున్నది హెడ్డు నారాయణమూర్తి. చుట్టుపక్కల ఊళ్ళ తుపాకులన్నీ తనిఖీ చేసే హెడ్ కానిస్టేబులు ఆయనే. ఏ నేరమూ చేయని లైసెన్సుదారు తన గొట్టాన్ని తాను పట్టుకెళ్ళొచ్చు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే అతను చాపను ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ లాగడం హెడ్డు చూశాడు.

"ఏంటండీ అది?"

చాప కొసన గుండ్రంగా, పొడుగ్గా ఉన్న ఆకారం. బొబ్బిలి బస్సు. గణపతిరావు నోటికి ఒకటే మాట తట్టింది.

"ఈణండి. ఈణ దండి. పిల్ల నేర్సుకుంటన్నాది. మరమ్మత్తుకి అట్టుకెల్తన్నాను."

"ఆహా! లక్ష్మణమ్మేనా?" హెడ్డు ముఖం విప్పారింది. ఆయనకు సంగీతమంటే ప్రాణం. "రేపు మీ ఊరే వస్తున్నాను, బందోబస్తు. మీ తుపాకీ తనిఖీ కూడా అక్కడే చేసేద్దాం. అమ్మాయి చేత ఓ కీర్తన వినిపించాలి సుమండీ!"

బొబ్బిలి చేరేదాకా హెడ్డు కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడు. గణపతిరావు కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు, నటిస్తూ చెమట తుడుచుకున్నాడు.

వీణలు చేసే నరసింగరావు ఇంట్లోనూ ఉలులూ బాడిసలూ పూజలోనే ఉన్నాయి. మైనం మాత్రం పనిముట్టు కాదు కదా అని ఆయన ఒప్పుకున్నాడు. తేనెమైనంలో మసి కలిపిన నల్లటి ముద్దను బొగ్గుల సెగన మెత్తబరిచి, గొట్టాన్ని తొడ మీద ఆనించుకుని గోటితో కొట్టి చెవి పెట్టాడు.

"ఇక్కడెట్టండి," అన్నాడు గణపతిరావు, వెనకవైపు వేలు పెట్టి చూపిస్తూ.

"అక్కడ పెడితే నాదం చచ్చిపోద్ది బాబూ."

"నాదమెందుకండి? పేల్తాది గానీ పాడతాదేటి?"

"పేలినా నాదమే కదా!" అని నరసింగరావు తనకు నచ్చిన చోట, జానెడు ముందుకు, మైనం పరిచి బిళ్ళను బొటనవేలితో అదిమాడు. వీణకు మెట్టు ఎంత శ్రద్ధగా పెడతాడో అంత శ్రద్ధగానూ పెట్టాడు. తుపాకి ఎటు పేలుతుందో మాత్రం ఒక్కసారైనా అడగలేదు. "ఊడదీయాలంటే దీపం సెగ చూపించండి, చేతిలోకి వచ్చేస్తుంది. అంతవరకు సెగ తగలనివ్వకండి. తగిలితే ఇది ఎవరి మాటా వినదు."

గణపతిరావు ఊరికి తిరిగొచ్చేసరికి అతని కన్నా ముందే వీణ వచ్చేసింది. హెడ్డు బస్సు కండక్టరుతో అన్నాడు, కండక్టరు కిళ్ళీకొట్టులో అన్నాడు, అక్కడినుంచి దానికి కాళ్ళొచ్చాయి. ఇంటి అరుగు నిండా ఆడవాళ్ళు. గుమ్మంలో తవిటమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటయ్యా, మన పిల్లకి ఈణేటి? మనింట ఎవుల్నడిగి?"

జవాబు చెప్పేలోగా ఖాకీ కోటు వేసుకుని జగన్నాధం వచ్చాడు. కోపంతో కోటు గుండీలు ఒక కాజాకు బదులు మరోదానిలో పెట్టుకున్నాడు.

"ఇజీనగరం సమ్మందమా బావా? పాటలు పాడీవోల్ల సమ్మందమా? నా కొడుకు నాగలట్టుకుంటాడనీసి పిల్లకి ఈణ నేర్పిస్తన్నావా? మేనరికం తప్పించీసి పట్టుపంచెలోడికిస్తావా?"

"అది కాదు బావా, అసల్సంగతి..."

"ఏటది అసల్సంగతి? సెప్పు!"

అసలు సంగతి ప్రపంచంలో ఎవరికి తెలిసినా ఫరవాలేదు, ఈ ఒక్క మనిషికి తెలియకూడదు. నిజం చెపితే గురి పోతుంది, చెప్పకపోతే చుట్టరికం పోతుంది. గణపతిరావు చాపను గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. అది చూసి జగన్నాధానికి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"సరే. రేపు కాయ తప్పనీ. తుపాకీ నా ఇంటికి తెచ్చీసుకుంతాను. లైసెన్సు కూడా మార్పించీసుకుంతాను. నీకు ఈణుంది గదా, వాయించుకో!"

ఆ సాయంత్రమంతా ఇంటి నిండా జనమే. వీణను చూడాలని కొందరు, చూపించడం లేదెందుకని ఇంకొందరు. పొద్దున్నే హెడ్డు తనిఖీ ఉంది గనక ముందే బిళ్ళ ఊడదీద్దామంటే ఒంటరిగా దీపం దొరికే చోటు లేదు. తెల్లవారాక గొట్టాన్ని కర్రలో బిగిస్తుండగా తవిటమ్మ చూసేసింది. ఇక దాచలేక గణపతిరావు మొత్తం కక్కేశాడు.

తవిటమ్మ బిళ్ళ వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"గురి నేంది తుపాకీకి కాదయ్యా," అంది. అయినా ఆవిడ మనసు వెన్న. లోపలికి వెళ్ళి ఒత్తుగా గుచ్చిన బంతిపూల దండ తెచ్చి, బిళ్ళ మీదుగా గొట్టం చుట్టూ చుట్టబెట్టింది. "పూజయ్యీదాకా హెడ్డుకి అగుపడదు. ఏసీటప్పుడు దండ ఎనక్కి లాగుకో. ఏసీసినాక బిళ్ళ పీకి నాకిచ్చీ, కొంగున కట్టీసుకుంతాను. మా అన్నకి తెలిసినాదా, ఇద్దరం బావిలో పడాల."

ఏడాదిగా లేని ధైర్యం గణపతిరావుకు అప్పుడొచ్చింది. జమ్మిచెట్టు దాకా నిలిచింది కూడా.

చెట్టు కింద పసుపు రాసిన పీట మీద తుపాకిని మూతి పైకి ఉండేలా వాలుగా నిలబెట్టారు. మందు ఇంకా పోయలేదు, అది పూజ తర్వాతి పని. డప్పులు మోగుతున్నాయి. వెదురు గడకు గుమ్మడికాయ ఊగుతోంది. హెడ్డు నారాయణమూర్తి లైసెన్సు చేత్తో పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

"కీర్తన సంగతేమిటండీ?"

"పిల్లకి ఏలు తెగినాదండి."

"అయ్యయ్యో! ఏ వేలు?"

"అన్నీనండి," అన్నాడు గణపతిరావు తుపాకి మీంచి కన్ను తిప్పకుండా.

పురోహితుడు కూర్మనాథం గారు మంత్రాలు ముగించి, "ఇక హారతులు ఇవ్వండమ్మా" అన్నారు. అప్పుడు వెలిగింది గణపతిరావుకు. హారతి! దీపం సెగ! ప్రతి ఏడూ ఇంటింటి వాళ్ళూ వచ్చి తుపాకికి కర్పూర హారతి ఇస్తారు. పుట్టినప్పటినుంచి చూస్తున్నాడు. బొబ్బిలిలో నరసింగరావు "సెగ తగలనివ్వకండి" అన్నప్పుడు కూడా ఆ సంగతి తట్టలేదు.

మొదటి పళ్ళెం వచ్చింది. అతను చేతులు అడ్డం పెట్టాడు. "దూరం! దూరంగా తిప్పండమ్మా! తుపాకి, నిప్పు!"

"మందింకా పొయ్యనేదు గదరా! నీకేటయినాది?" అని గదమాయించింది గున్నమ్మ. ఆమె ఊళ్ళో అందరికన్నా పెద్దది, గణపతిరావుకు వరసకు పిన్ని, ఆమె మాటకు ఎదురు చెప్పినవాడు తోటవలసలో లేడు. హెడ్డు కనుబొమలు పైకి లేచాయి. గణపతిరావు చేతులు దించి నిలబడ్డాడు. ఒక పళ్ళెం, ఇంకో పళ్ళెం. ఎండ కూడా అప్పుడే గొట్టం మీదికి తిరిగింది. ప్రతి హారతికీ అతనికి ఒళ్ళు చల్లబడి మళ్ళీ వేడెక్కుతోంది. దేవుడి దయవల్ల ఆడవాళ్ళు కర్పూరం పొదుపుగా వాడారు. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు.

ఖాకీ కోటుతో జగన్నాధం వస్తున్నాడు. చేతిలో అందరికన్నా పెద్ద పళ్ళెం, దాని నిండా గుప్పెడు కర్పూరం, భగభగమని మంట. సాయంత్రానికి తన ఇంటికి రాబోయే తుపాకి కదా, కొత్తకోడలికి ఎదురొచ్చినంత మర్యాదగా వచ్చాడు. పళ్ళెం సరిగ్గా బంతిపూల దండ కింద పట్టి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడ్డాడు.

"సాలు బావా," అన్నాడు గణపతిరావు నీరసంగా.

"నీకేటి? నా మొక్కు నాది."

పూలు వాడాయి. దండ కింద నుంచి నల్లటి చుక్క ఒకటి మెల్లగా తేలి, గొట్టం వెంట జారి, పీట మీది పసుపులో పడింది. దాని వెనక ఇంకొకటి. తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గణపతిరావు అసిరితల్లికి మేకపోతును మొక్కుకున్నాడు, ఏమి కోరాలో తెలియక ఊరికే మొక్కుకున్నాడు.

"ఓలమ్మో!" గున్నమ్మ కేక విని డప్పులు ఆగిపోయాయి. "అమ్మోరు ఏడుస్తన్నాదర్రా! కాటిక కారతన్నాది సూడండే!"

జనం ముందుకు తోసుకొచ్చారు. నిజమే. నల్లగా, చిక్కగా, చారలు చారలుగా తుపాకి ఏడుస్తోంది. అందరూ చూస్తుండగానే పూలలోంచి ఇత్తడి బిళ్ళ జారి జగన్నాధం పళ్ళెంలో 'టింగు'మని పడింది. నరసింగరావు చెప్పినట్టు నాదం చక్కగానే ఉంది.

కూర్మనాథం గారు, "ఆయుధానికి అశ్రుపాతం ఏ శాస్త్రంలోనూ చదవలేదు నాయనా. శాంతి చేయించాలి" అన్నారు. అందరికన్నా ముందు తేరుకున్నది జగన్నాధమే.

"సూసినారా!" అన్నాడు. "సేతకానోడి సేతిలో ఉండనేక ఏడుస్తన్నాది. నా ఇంటికొచ్చీస్తానంతన్నాది!"

గణపతిరావు తల వంచుకున్నాడు. అంతా అయిపోయింది. నాన్న పేరు, తన పరువు, కూతురి పెళ్ళి, రేపో మాపో లైసెన్సు కూడా. ఉన్నదున్నట్టు చెప్పేసి ఇంటికి పోదామని నోరు తెరవబోయాడు.

"నోర్ముయ్యి జగ్గా!" అంది గున్నమ్మ. "ఊరంతా హారతిచ్చినారు. ఆలెవులికీ ఏడవనేదు. నువ్వొచ్చి పళ్ళెమెట్టినాకే ఎందుకేడ్సింది? నీ ఇంటికి రానంటే రాననీసి ఏడ్సింది. ఒంటి మీది బంగారం తీసి నీ పళ్ళెంలో పడీసింది. ఎందుకు? ఇది తీసుకొని నన్నొగ్గీరా నాయనా అనీసి!"

జనం "అవునవును" అన్నారు. జగన్నాధం పళ్ళెంలోకి చూశాడు. గంటు పెట్టిన బిళ్ళ మెరుస్తోంది. ఖాకీ కోటు విప్పి చంకలో పెట్టుకుని పీట ముందు సాష్టాంగపడ్డాడు.

"నువ్వూ తక్కువోడివి కాదురా గణపతీ! మేనరికం తప్పిస్తావేటి? అందుక్కూడా ఏడ్సిందేమో, ఎవులికి తెల్సు?" అని గున్నమ్మ ఇటు తిరిగింది.

"ఈణా నేదు గీణా నేదు పిన్నీ! లచ్మనమ్మ బావ కొడుక్కే, అమ్మోరి మీదొట్టు!" అన్నాడు గణపతిరావు. రెండు రోజుల్లో అతను నలుగురి ఎదుట నోరారా పలికిన నిజం అదొక్కటే. జగన్నాధం లేచి బావను కావలించుకుని బావురుమన్నాడు. గణపతిరావు కూడా ఏడ్చాడు, ఎందుకేడుస్తున్నదీ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

హెడ్డు దండ తీయించి గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా లైసెన్సుతో సరిచూశాడు. "మార్పులేమీ లేవు" అని సంతకం పెట్టి, వేలికంటిన నలుపును భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు గణపతిరావుకు ఒంట్లో ఎక్కడిదో నాన్న రక్తం పొంగింది. గురి ఉన్నా లేకపోయినా సరే, ఈసారి కొట్టి తీరాలనిపించింది. మందు సంచీ విప్పి తుపాకి మీద చెయ్యి వేశాడు.

"ఏటి సేస్తన్నావురా?" అంది గున్నమ్మ. "ఏడ్సిన తల్లి మూతిలో మందు కూరి పేల్సుతావా? ఇక దాన్ని పేల్సీదీ నేదు, గోడ దింపీదీ నేదు. నీ ఇంట్లోనే ఉంటాది, నువ్వే పూజ సెయ్యాల!"

గుమ్మడికాయను కత్తితో కొట్టారు. మొదటి దెబ్బకే పగిలింది.

అలా తుపాకి గణపతిరావు ఇంట్లో దేవుడి గోడకెక్కింది. జగన్నాధం ఇత్తడి బిళ్ళను తాడుకు గుచ్చి మెళ్ళో కట్టుకున్నాడు, స్నానానికి కూడా తీయడు. మరుసటేడు దసరా ముందు గున్నమ్మ కబురంపింది. పొరుగూళ్ళ వాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వస్తున్నారట, అమ్మవారు ఈ ఏడూ ఏడుస్తుందా అని అడుగుతున్నారట. గణపతిరావు మారుమాట్లాడకుండా బొబ్బిలి బస్సెక్కాడు.

"బిళ్ళ తెచ్చారా?" అన్నాడు నరసింగరావు బొగ్గులు రాజేస్తూ. "ఈసారి ఇంకా మంచి నాదం వచ్చే చోట పెడతాను."

"బిళ్ళెందుకండి, ఇక పేల్సీదే నేదు. మైనమొక్కటే సాలు. కూసింత పల్సగా, బేగి కారీలాటిదియ్యండి."

తుపాకి ఇక పేలదన్న సంగతి అడవిపందులకు మాత్రం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ ఏడు పెండలం తోట మొత్తం అవే తవ్వి పెట్టాయి.